కుళాయి నీళ్ళ కఠినత్వం ఎంతో చెప్పండి: నీటి సరఫరా విభాగానికి బహిరంగ లేఖ

నగర నీటి సరఫరా విభాగం ఉన్నతాధికారులకు, నీటి నాణ్యత ప్రయోగశాల బాధ్యులకు నమస్కారం.

రోజూ కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయి. దాని వెనక మీ సిబ్బంది కష్టం ఉందని తెలుసు. పైపు పగిలిన రాత్రి మా వీధి గోతిలోకి దిగి, మోకాలి లోతు బురదలో తెల్లవార్లూ పనిచేసినవాళ్ళను కళ్ళారా చూశాను. ఈ లేఖ వాళ్ళ మీద ఫిర్యాదు కాదు. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో తెలిపే కఠినత్వం అనే ఒక్క అంకె చెప్పమంటే చెప్పని ఆఫీసుకు రాస్తున్నాను.

ఇంతకు ముందు మూడుసార్లు అడిగాను. మొదటి ఉత్తరానికి జవాబు లేదు. రెండోసారి రాస్తే "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని ఫోనుకు సందేశం వచ్చింది. ఏం పరిష్కరించారో, ఎవరు పరిష్కరించారో అందులో లేదు. మూడోసారి సీసాలో నీళ్ళు పట్టుకుని నేనే ఆఫీసుకు వచ్చాను. కౌంటర్లో ఉన్నాయన, కరిగున్న లవణాల మొత్తాన్ని (టీడీఎస్) చూపే పెన్నులాంటి మీటరు ఒకటి నీళ్ళలో ముంచి, "టీడీఎస్ బాగానే ఉందండీ, నిక్షేపంగా తాగొచ్చు" అన్నారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. కానీ తాగొచ్చా అని నేను అడగలేదు. ఈ నీళ్ళలో కఠినత్వం లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు అని అడిగాను. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. పైవాళ్ళ దగ్గరుందేమో కనుక్కుంటానని కూడా అనలేదు.

అసలు ఈ ప్రశ్న నాకెందుకు వచ్చిందో చెబుతాను. పోయిన చలికాలంలో మా గీజర్ ముందు చిటపటలాడటం మొదలుపెట్టింది. తర్వాత నీళ్ళు వేడెక్కడం ఆలస్యమైంది. ఒకరోజు ఫట్‌మని మెయిన్ స్విచ్ పడిపోయింది. మెకానిక్ వచ్చి అడుగు విప్పితే తెల్లటి పెచ్చులు గుప్పెళ్ళకొద్దీ కింద పడ్డాయి. నీళ్ళను వేడిచేసే ఎలిమెంట్ చుట్టూ గార ఎంత మందంగా కట్టిందంటే, లోపల ఇనుముందో సుద్దముక్కుందో తెలియలేదు. "నీళ్ళండీ. మా చేతుల్లో ఏం లేదు" అన్నాడు అతను. కంపెనీకి ఫోన్ చేస్తే, నీళ్ళలోని లవణాల వల్ల జరిగే నష్టానికి వారంటీ వర్తించదని కార్డు వెనకాల చిన్న అక్షరాల్లో ఉందన్నారు. మీ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, నీటి మీటరు దాటాక ఇంటి లోపలి సామాను మా పరిధి కాదన్నారు. ఎవరి మాట వాళ్ళకు సబబుగానే ఉంది. మధ్యలో కాలిన ఎలిమెంట్ మాత్రం మా ఇంట్లో ఉంది.

ఆ తర్వాత అంట్లు తోమే యంత్రం పుస్తకం తిరగేస్తుంటే అందులో ఒక వాక్యం కనబడింది. యంత్రం మొదటిసారి వాడే ముందు నీటి కఠినత్వాన్ని బట్టి, నీళ్ళను మృదువుగా చేసేందుకు వాడే ఉప్పు మోతాదు అమర్చుకోవాలట. ఆ అంకె కోసం "మీ నీటి సరఫరా సంస్థను అడగండి" అని రాసి ఉంది. అడిగాను కదా. మూడుసార్లు.

టీడీఎస్ మీటరు సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే ఎక్కడికి వెళ్ళినా అదే చూపిస్తున్నారు. ఆ పెన్ను నీళ్ళ గుండా కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, దాన్నిబట్టి కరిగున్న లవణాలు మొత్తం ఎంతో అంచనా కడుతుంది. ఏ లవణమో దానికి తెలియదు. కఠినత్వం అంటే ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం. టీడీఎస్ 400 చూపించే రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో ఎక్కువ భాగం మామూలు ఉప్పు, రెండోదాంట్లో ఎక్కువ భాగం కాల్షియం బైకార్బొనేట్ అనుకోండి. మీటరుకు రెండూ ఒకటే. సబ్బుకు, గీజర్‌కు ఒకటి కావు. కఠినత్వం తీయడానికి ఇంట్లో పెట్టుకునే సాఫ్ట్‌నర్ అనే పరికరం నుంచి బయటికొచ్చే నీళ్ళలో కఠినత్వం దాదాపు సున్నా అయినా టీడీఎస్ పెద్దగా తగ్గదు, ఎందుకంటే కాల్షియాన్ని తీసి ఆ స్థానంలో సోడియం పెడుతుందది. కాబట్టి టీడీఎస్ చూపించి కఠినత్వం సంగతి ముగించడం, బరువు తూచి జ్వరం లేదని చెప్పడంలాంటిది.

కఠినత్వాన్ని కొలవడం కష్టమైన పని కూడా కాదు. కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకునే ఈడీటీఏ ద్రావణం, రంగు మారి చూపే ఎరియోక్రోమ్ బ్లాక్ టి అనే సూచిక, నీళ్ళ క్షారగుణాన్ని పీహెచ్ 10 దగ్గర నిలిపే బఫర్ ద్రావణం ఉంటే చాలు. ద్రాక్షసారా ఎరుపు నుంచి నీలానికి రంగు మారిన చోట లెక్క తేలుతుంది. కాలేజీ పిల్లలు ప్రాక్టికల్ క్లాసులో చేసే పని. మీ ప్రయోగశాలలో ఇది ఎప్పుడూ చేయడం లేదంటే నేను నమ్మను. చేస్తున్నారు, రిజిస్టర్‌లో రాస్తున్నారు, అది ఆ రిజిస్టర్ దాటి బయటికి రావడం లేదు.

నేను ఇంట్లో, నీళ్ళలో ముంచితే కఠినత్వాన్ని బట్టి రంగు మారే రంగుపట్టీతో చూసుకుంటే డబ్బా మీద ఉన్న ఆఖరి గడి రంగు వచ్చింది, "అతి కఠినం" అని. పట్టీ కచ్చితమైన సాధనం కాదు, ఒప్పుకుంటాను. అందుకే నా అంకెతో మీ మీద వాదించను, మీ అంకె అడుగుతున్నాను. పోల్చుకోవడానికి అందరికీ తెలిసిన కొలమానాలున్నాయి. కాల్షియం కార్బొనేట్ (సున్నపురాయి) లెక్కన లీటరుకు 60 మిల్లీగ్రాముల లోపుంటే మృదువు, 120 దాకా ఓ మోస్తరు, 180 దాకా కఠినం, ఆపైన అతి కఠినం అని అమెరికా భూగర్భ సర్వే విభాగం గీత గీసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యం దృష్ట్యా కఠినత్వానికి పరిమితి పెట్టలేదు గానీ, సుమారు 200 దాటితే పైపుల్లో, ట్యాంకుల్లో గార కట్టవచ్చని చెప్పింది. సుమారు 100 కంటే తగ్గితే నీళ్ళు పైపుల్ని తినేయవచ్చనీ హెచ్చరించింది. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అంగీకార పరిమితి 200. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 600 దాకా అనుమతి. వేరే వనరు లేనప్పుడు అన్న షరతు వదిలేసి 600 అంకె ఒక్కటే చెప్పే అలవాటు చాలామందికి ఉంది.

ఈ నీళ్ళు విషమని నేను అనడం లేదు. కాల్షియం, మెగ్నీషియం ఒంటికి కావలసినవే. హార్డ్ వాటర్ తాగితే కిడ్నీలో రాళ్ళు తప్పవని తిరిగే సందేశాలను నేను ఎవరికీ పంపను, ఆ సంగతి అలా తేలలేదు కాబట్టి. చర్మం విషయమూ అంతే. ఎగ్జిమా ఉన్న పిల్లల ఇళ్ళలో సాఫ్ట్‌నర్లు పెట్టి బ్రిటన్‌లో జరిపిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి, వ్యాధి తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. భయపెట్టి పని చేయించుకోవాలని లేదు. అసలు నష్టం ఇంట్లో, సామానులో, చేతుల్లో జరుగుతోంది. అది ఇదీ:

1. గీజర్లు. చల్లటి నీళ్ళలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. వేడి తగలగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, మిగిలిన కాల్షియం కార్బొనేట్ రాయిలా కూర్చుంటుంది. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే ఎక్కువ పేరుకుంటుంది, అంటే సరిగ్గా ఎలిమెంట్ ఒంటి మీద. ఒక చిన్న లెక్క చూడండి. అంకె మీరు చెప్పలేదు కాబట్టి కఠినత్వం 300 అనుకుందాం, అదంతా వేడికి విడిపోయే రకమే అనుకుందాం. ఒక కుటుంబం రోజుకు 100 లీటర్లు వేడి చేస్తే ఏడాదికి 36,500 లీటర్లు. ఆ నీళ్ళతో పాటు గీజర్‌లోకి వచ్చేది దాదాపు 11 కిలోల సున్నపురాయి. ఎక్కువ భాగం కుళాయిలోంచి బయటికి పోతుంది. పదో వంతు లోపల ఆగినా కిలో పైన. మా మెకానిక్ దులిపిన పెచ్చులు ఎక్కడివో ఇప్పుడు అర్థమైంది.

ఇక్కడ ఒక పొరపాటు మాట సరిదిద్దాలి. గార కడితే గీజర్ కరెంటు బిల్లు రెట్టింపు అవుతుందని సాఫ్ట్‌నర్ అమ్మేవాళ్ళు చెబుతారు. నీళ్ళలో మునిగి ఉండే ఎలిమెంట్‌లో పుట్టిన వేడి కాస్త ఆలస్యంగానైనా నీళ్ళలోకే పోవాలి, మరో దారి లేదు. కాబట్టి బిల్లు అంతగా పెరగదు. జరిగేది వేరు. గార వేడిని రాగి కన్నా వందల రెట్లు తక్కువగా పంపుతుంది. వేడి బయటపడలేక ఎలిమెంట్ తనలో తానే కాగిపోయి, పైగొట్టం చిట్లి కాలిపోతుంది. గ్యాస్ గీజర్‌లోనైతే ఇంధనం నిజంగానే వృథా, నీళ్ళకు అందని వేడి పొగగొట్టంలోంచి పోతుంది కాబట్టి.

అన్నిటికన్నా భయపడాల్సింది సేఫ్టీ వాల్వ్ గురించి. లోపల ఒత్తిడి పెరిగితే తెరుచుకోవాల్సిన వాల్వ్ అది. దాని నోట్లో గార కట్టి బిగుసుకుంటే కావలసిన క్షణంలో తెరుచుకోదు. ఇది ఖర్చు లెక్క కాదు.

2. సబ్బు, బట్టలు. కాల్షియం సబ్బుతో కలిసి నీళ్ళలో కరగని తెట్టు అవుతుంది. నీళ్ళలో ఉన్న కాల్షియమంతా ఇలా తెట్టయ్యాకే నురగ మొదలవుతుంది. రసాయన శాస్త్రం లెక్క ప్రకారం ఒక గ్రాము కఠినత్వం సుమారు ఆరు గ్రాముల సబ్బును మింగుతుంది. 300 కఠినత్వం ఉన్న 20 లీటర్ల బకెట్‌లో ఆరు గ్రాములుంటుంది. అంటే మురికి పోవడానికి ఒక్క నలుసు కూడా మిగలకుండా 30 గ్రాముల పైచిలుకు సబ్బు నీళ్ళకే సరి. డిటర్జెంట్ పొడుల్లో కాల్షియాన్ని పట్టుకునే పదార్థాలు కలుపుతారు కాబట్టి వాటికి దెబ్బ తక్కువ, అయినా మోతాదు పెంచక తప్పదు. ఐరోపాలో పొట్లం మీద మృదువైన నీళ్ళకు ఇంత, ఓ మోస్తరు నీళ్ళకు ఇంత, కఠినమైన నీళ్ళకు ఇంత అని మూడు మోతాదులు రాయాలని నియమం ఉంది. మనం ఏ గడిలో ఉన్నామో తెలియనప్పుడు అలాంటి పొట్లం చేతికిచ్చినా ఏం లాభం? తెలియనివాళ్ళు ఇంకో గరిటె ఎక్కువ వేస్తారు. తెల్ల బట్టలు బూడిద రంగుకు తిరుగుతాయి. తువ్వాళ్ళు ఎండాక అట్టముక్కల్లా నిలబడతాయి.

ఈ భారం వాషింగ్ మెషీన్ ఉన్న ఇంటి కన్నా చేత్తో ఉతుక్కునే ఇంటికి ఎక్కువ. నురగ రాక ఇంకోసారి రుద్దేది, తెట్టు వదలక ఇంకో బకెట్ నీళ్ళు పోసేది అక్కడే.

3. వాషింగ్ మెషీన్, అంట్లు తోమే యంత్రం. నీళ్ళు వచ్చే దారిలో ఉండే చిన్న జల్లెడ ముందు మూసుకుపోతుంది. వేడినీళ్ళ వాష్ ఉన్న మెషీన్లలో హీటర్ గతి గీజర్ గతే. గాజు గ్లాసుల మీద ఎంత తుడిచినా పోని మసక పొర, స్టీలు సింకు మీద తెల్ల మరకలు, షవర్ రంధ్రాల్లో సగం మూసుకుపోయి నీళ్ళు పక్కలకు చిమ్మడం ఇవన్నీ మీ ఇళ్ళలోనూ ఉంటాయి, నేను వర్ణించక్కర్లేదు.

4. ఆవిరి ఇస్త్రీపెట్టె, నీళ్ళు మరిగించే కెటిల్, ఎయిర్ కూలర్. ఇస్త్రీపెట్టె ఆవిరి రంధ్రాల్లోంచి పెచ్చు ఊడి తెల్ల చొక్కా మీద పడుతుంది. కూలర్ సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ, అక్కడ నీళ్ళు ఆవిరై లవణమంతా గడ్డి మ్యాట్‌లో మిగిలిపోతుంది. అది బిరుసెక్కి, గాలి ఆడక, ఎండలు ముదిరే సమయానికి చేతులెత్తేస్తుంది.

5. యాసిడ్. నన్ను ఈ లేఖకు కూర్చోబెట్టింది గీజరే అయినా, ఆపకుండా రాయిస్తున్నది ఇది. బాత్‌రూమ్ టైల్స్ మీద, కమోడ్‌లో, కుళాయిల మీద పేరుకున్న గార మామూలు సబ్బుకు పోదు. నిమ్మ ఉప్పు, వెనిగర్ ఓపిగ్గా వాడితే పోతుంది. ఓపిక లేనిచోట హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. కిటికీ కూడా లేని గదిలో, చేతికి తొడుగు లేకుండా, ఇళ్ళు శుభ్రం చేసే పనిమనిషి ఆ పొగ పీలుస్తుంది. ఇంకా తెల్లగా రావాలని అదే చోట బ్లీచింగ్ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. నీళ్ళలో కాల్షియం ఎక్కువ కావడానికీ, ఒక మనిషి ఊపిరితిత్తులు మండటానికీ మధ్య ఇంత దగ్గర దారి ఉందని మీ ఫైళ్ళలో ఎక్కడా కనబడదు.

6. ఇళ్ళల్లో పుట్టుకొచ్చిన చిన్న చిన్న శుద్ధి కర్మాగారాలు. మీరు అంకె చెప్పకపోతే ఆ ఖాళీని సేల్స్‌మన్ నింపుతాడు. పైపు చుట్టూ అయస్కాంతం కడితే గార కట్టదంటాడు ఒకడు. అలాంటివాటి మీద జరిగిన పరీక్షలు ఒక్క మాట మీద నిలబడలేదు. ఆర్వో పెట్టుకోమంటాడు ఇంకొకడు. ఇళ్ళలో వాడే మామూలు ఆర్వో ఒక లీటరు ఇచ్చేలోగా సుమారు మూడు లీటర్లు కాలువలోకి వదులుతుంది. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే నగరంలో ఇది ఏం న్యాయం? పైగా దానితో గీజర్‌కు ఒరిగేదేం లేదు, ఆర్వో నీళ్ళతో ఎవరూ స్నానం చేయరు.

సాఫ్ట్‌నర్ పనిచేస్తుంది, నిజమే. దానికీ లెక్క ఉంది. 300 కఠినత్వాన్ని పూర్తిగా తీస్తే లీటరుకు సుమారు 138 మిల్లీగ్రాముల సోడియం కొత్తగా చేరుతుంది. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్ళు తాగడానికి వేరే కుళాయి ఉంచుకోవాలి. ఆ మాట అమ్మేటప్పుడు చెప్పినవాళ్ళను నేనింకా చూడలేదు. సాఫ్ట్‌నర్‌ను మళ్ళీ సిద్ధం చేయడానికి వాడిన ఉప్పునీరంతా చివరికి మీ మురుగు కాలువలోకే వస్తుంది. ఆ ఉప్పులోని క్లోరైడ్‌ను మామూలు మురుగుశుద్ధి తీయలేదు. కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటా లోయలో ఇదే సమస్యతో నదిలో క్లోరైడ్ పెరిగి, అలాంటి ఇంటి సాఫ్ట్‌నర్లను తీసేయాలని 2008లో అక్కడి ఓటర్లే తీర్మానించారు. ఇప్పుడు ఇంటికొకటి పెట్టుకుంటే, కొన్నేళ్ళకు మీరే వచ్చి తీసేయమంటారు.

7. అద్దె ఇళ్ళవాళ్ళు. గీజర్ కాలితే మార్చాల్సింది యజమానా, అద్దెకున్నవాళ్ళా అన్న తగాదా నాకు తెలిసి ఎన్ని గుమ్మాల ముందు జరిగిందో. సాఫ్ట్‌నర్ పెట్టించుకునే హక్కు అద్దెవాళ్ళకు ఉండదు, కాలిన సామాను ఖర్చు మాత్రం ఉంటుంది.

మీవైపు నుంచి వచ్చే జవాబులు రెండు మూడు విన్నాను. గీజర్ వేడి తగ్గించి వాడుకోండి, గార తక్కువ కడుతుంది అన్నారు ఒక ఇంజనీరు గారు. సగం నిజం. కానీ నిల్వ ఉండే నీళ్ళను గోరువెచ్చగా ఉంచితే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగే వీలుంది. అందుకే నిల్వ నీళ్ళను 60 డిగ్రీల దగ్గర ఉంచమని ఆరోగ్య నిపుణులు చెబుతారు. గార తప్పించుకోబోయి ఇంకోదాంట్లో పడమంటారా?

రెండో జవాబు, "భూగర్భ జలం అంతే, ప్రకృతి". సున్నపురాయి పొరల్లోంచి ఊరిన బోరు నీళ్ళు కఠినంగా ఉంటాయి, వాన నీళ్ళతో నిండే జలాశయం సాధారణంగా మృదువుగా ఉంటుంది. ఒప్పుకున్నాం. కానీ ఏ వారం ఏ వీధికి ఏ నీళ్ళు పంపాలో ప్రకృతి నిర్ణయించడం లేదు, మీ వాల్వ్‌లు నిర్ణయిస్తున్నాయి. కొన్ని వారాలు మా కుళాయిలో సబ్బు చక్కగా నురగ ఇస్తుంది. ఉన్నట్టుండి ఒకరోజు నుంచి ఇవ్వదు. నీళ్ళు మారాయని మాకు సబ్బు చెబుతోంది, మీరు చెప్పడం లేదు.

మూడోది, "కఠినత్వం తగ్గించడం మున్సిపాలిటీల వల్ల అయ్యే పని కాదు". స్కాట్లాండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ క్లార్క్ నీళ్ళలో సున్నం కలిపి కఠినత్వాన్ని అడుగుకు దింపే పద్ధతికి 1841లోనే పేటెంటు తీసుకున్నాడు. సున్నం వల్ల వచ్చిన తెగులుకు సున్నమే మందు. నెదర్లాండ్స్‌లో 1970ల నుంచి నీటి శుద్ధి కేంద్రంలోనే, ఇసుకలాంటి సన్నటి రేణువుల మీద సున్నాన్ని గుళికలుగా కట్టించి తీసేస్తున్నారు. ఆ గుళికలను మళ్ళీ పరిశ్రమల్లో వాడుకుంటున్నారు. ఇదంతా రేపే కట్టమని అడగడం లేదు. అయ్యే పని కాదన్న మాట మాత్రం అనకండి.

నిజానికి పెద్ద ఖర్చు లేకుండా ఇవాళే చేయగలిగింది ఒకటుంది, కలపడం. 100 కఠినత్వమున్న జలాశయం నీళ్ళు సగం, 400 ఉన్న బోరు నీళ్ళు సగం కలిపితే 250 వస్తుంది. ఇప్పుడు జరుగుతున్నట్టు ఒక పేటకు అచ్చంగా ఇవీ, ఇంకో పేటకు అచ్చంగా అవీ పంపితే ఒక పేట గీజర్లు పదేళ్ళు నడుస్తాయి, ఇంకో పేటవి రెండేళ్ళకు తుక్కు కొట్టుకు వెళ్తాయి. ఇద్దరూ కట్టేది ఒకే రేటు.

అయ్యా, మేం అడుగుతున్నవి ఇవి.

1. ప్రతి సరఫరా మండలానికీ నీళ్ళ మొత్తం కఠినత్వం, అందులో వేడికి విడిపోయే భాగం ఎంతో విడిగా, కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు మిల్లీగ్రాముల్లో ప్రకటించండి. నెలకోసారి. నీటి బిల్లు మీద ఒక గీత చాలు, బిల్లు వెనక ప్రకటనలకు ఉన్నంత జాగా కూడా అక్కర్లేదు. జర్మనీలో 2007 నాటి చట్టం ప్రకారం నీటి సంస్థలు ఏడాదికి కనీసం ఒకసారి, నీళ్ళు శాశ్వతంగా మారినప్పుడల్లా, కఠినత్వం ఏ తరగతిలో ఉందో ఇంటింటికీ తెలియజేయాలి. అక్కడ 150 లోపు మృదువు, 250 దాకా మధ్యస్థం, ఆపైన కఠినం. మూడు తరగతులు, మూడే మాటలు. అంత మాత్రం మనకూ చేతనవుతుంది.

2. వనరు మార్చే ముందు చెప్పండి. నీళ్ళు రాని రోజు సందేశం పంపుతున్నారు కదా, నీళ్ళు మారే రోజూ పంపండి.

3. బోరు నీళ్ళను జలాశయం నీళ్ళతో కలిపి, అన్ని పేటలకూ వీలైనంత దగ్గర దగ్గర కఠినత్వం ఉండేలా పంపిణీ పథకం వేయండి. లక్ష్యం 200 లోపు. 100 కన్నా కిందికి దించమని అడగం. మరీ మృదువైతే మీ పాత ఇనుప పైపులు తుప్పు పట్టి ఇంకో గొడవ మొదలవుతుందని మాకూ తెలుసు.

4. కలపడంతో 200 లోపుకు రాని మండలాల్లో, పంపింగ్ స్టేషన్ దగ్గరే కఠినత్వం తగ్గించడానికి ఏమవుతుందో ఇంజనీర్ల చేత అంచనా వేయించి బయట పెట్టండి. ఖర్చుతో పాటు, తీసిన సున్నపు మడ్డిని ఎక్కడ వేస్తారో కూడా అందులో ఉండాలి. అది చెప్పని అంచనాను మేం అంచనా అనం. వద్దని తేలితే ఎందుకు వద్దో అంకెలతో చెప్పండి, వింటాం.

5. కౌంటర్లలో ఆ పెన్ను మీటర్లతో పాటు కఠినత్వం చూసే చిన్న పరీక్ష పెట్టె కూడా పెట్టండి. వినియోగదారుడు సీసా తెస్తే అక్కడే చూసి కాగితం మీద రాసివ్వండి. వారంటీ కోసం కంపెనీతో మాట్లాడుకోవడానికి మా చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.

గృహోపకరణాల కంపెనీలకు కూడా ఒక్క మాట. ఎంత కఠినత్వం దాకా మీ యంత్రం తట్టుకుంటుందో డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాయండి. అమ్మేటప్పుడు లేని షరతు కాలిపోయాక గుర్తొస్తే ఎలా?

తోటి వినియోగదారులారా, ఇది చదివితే ఒక పని చేయండి. మీ ఇంటి నీళ్ళు రంగుపట్టీతో చూసుకుని తేదీ, పేట, ఏ గడి రంగు వచ్చిందో ఒక కాగితం మీద రాసి, మీ నీటి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. గీజర్ సేఫ్టీ వాల్వ్‌ను ఏడాదికోసారైనా మెకానిక్‌కు చూపించండి. ఆమ్లం, బ్లీచింగ్ ఒకేచోట పోయకండి, పనిచేసేవాళ్ళతో పోయించకండి.

అధికారులకు చివరగా మళ్ళీ అదే మనవి. ఈ లేఖ చేరిన 30 రోజుల్లో మొదటి డిమాండుకు జవాబు కోరుతున్నాం. మిగతావాటికి సమయం పడుతుంది, అర్థం చేసుకుంటాం. మొదటిదానికి పట్టదు. అది ఇప్పటికే మీ ప్రయోగశాల రిజిస్టర్‌లో ఉంది. గడువులోగా రాకపోతే సమాచారం కోరుతూ చట్టప్రకారం దరఖాస్తు పెడతాను, నాతో పాటు మా వీధిలో సంతకాలు చేసినవాళ్ళూ పెడతారు. మేం వచ్చేటప్పుడు మా గీజర్‌లోంచి తీసిన పెచ్చులు కూడా సంచిలో తెస్తాం. మీ ప్రయోగశాలకు నమూనాగా ఉపయోగపడతాయి.

ఇట్లు,
మీ మీటరు అవతల ఉన్న ఒక వినియోగదారుడు